పాత ఎస్‌యూవీ కొనే ముందు

వెస్ట్‌మీడ్‌లో నైట్ షిఫ్ట్‌కి వెళ్లాలన్నా, పిల్లల్ని తిప్పాలన్నా కారు కావాలి. నిజమే. కానీ పాత క్లూగర్ చవగ్గా వస్తోందని వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయకండి.

ముందు పీపీఎస్ఆర్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి విన్ నంబరు కొట్టండి. ఖర్చు 2 డాలర్లే. అమ్మేవాళ్ల అప్పు బండి మీద ఉంటే, మీరు పూర్తి డబ్బు కట్టినా ఫైనాన్స్ వాళ్లు బండి పట్టుకుపోవచ్చు. అప్పు లేదని తేలితే సర్టిఫికెట్ దాచుకొని, ఆ రోజు గానీ మర్నాడు గానీ కొనేయండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. 2007కు ముందు క్లూగర్‌కి టైమింగ్ బెల్ట్ ఉంటుంది, మార్చిన బిల్లు అడగండి. పింక్ స్లిప్ ఉందంటారు. అది బ్రేకులు, టైర్లు, లైట్లు చూసి ఇచ్చేది. గేర్‌బాక్స్ ఎన్నాళ్లు ఆడుతుందో చెప్పదు. దానికి మీ సొంత మెకానిక్‌కి చూపించాల్సిందే.

పార్టుల సంగతి. రెక్కర్ దగ్గర డోరు, అద్దం, లైటు పాతవి కొన్నా పర్లేదు. బ్రేక్ ప్యాడ్లు, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం పాతవి వద్దు. పాత గేర్‌బాక్స్ కొంటే వారంటీ బిల్లు మీదే రాయించుకోండి.

మెకానిక్ ఫీజు ఎక్కువనిపిస్తే, గేర్‌బాక్స్ పోతే ఎన్ని షిఫ్టుల కష్టం పోతుందో ఒక్కసారి లెక్కేసుకోండి.