కుక్క మీద మందు, గోడలో గోమారి
(రైతు సంఘం గ్రామ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యూరియా, మద్దతు ధర మాట్లాడుకునే చోట కుక్క గోమార్ల గొడవేమిటని వెనక ఎవరో నవ్వారు. నవ్వండి, తప్పులేదు. కానీ పత్తికి కొట్టగా మిగిలిన మోనో డబ్బా ఇంటికి తెచ్చి, నీళ్లలో కలిపి కుక్క ఒంటికి రుద్దిన వాళ్లం మనలోనే ఉన్నాం. కుక్క ఒళ్లు నాక్కుంటుంది. నురగ కక్కి చస్తుంది. ఆ కుక్కను నిమిరిన చేత్తోనే పిల్లలు అన్నం తింటారు. ఆ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. చేలో మందు కొడుతూ పడిపోయిన మనుషులను మనం చూడలేదా?

అంత చేసినా గోమార్లు పోవు. మన ఎడ్లకు మామూలుగా పట్టే గోమారి పిల్ల దశ నుంచి పెద్దయ్యేదాకా ఆ పశువు మీదే ఉండి, గుడ్లు పెట్టడానికే నేలకు దిగుతుంది. కుక్కకు పట్టే గోధుమరంగు గోమారి తీరు వేరు. అది మూడుసార్లు ఎక్కుతుంది, మూడుసార్లు దిగుతుంది. ఆరు కాళ్ల పిల్లగా రక్తం తాగి దిగి, కుబుసం విడిచి, ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది. చివరికి ఉబ్బిన ఆడది గోడ పాకి పగుళ్లలో, దూలాల సందుల్లో, తలుపు చట్రం వెనక వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. దానికి గడ్డీ పొదా అక్కర్లేదు, మన ఇల్లే చాలు. పెద్దది రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతుంది. కుక్కను ఊరవతల వదిలేసినా ఇల్లు శుభ్రం కానిది అందుకే. ఒక్కోసారి మనిషినీ కుడుతుంది. గోమారి కాటుతో మనుషులకూ జ్వరం రావచ్చు. డాక్టరు అడగకపోయినా కాటు సంగతి మనమే చెప్పాలి.

కాబట్టి కుక్కకూ ఇంటికీ ఒకేసారి వైద్యం చేయాలి. కుక్క పడుకునే గోనెసంచి కాల్చేయండి. పగుళ్లు పూడ్చండి. ఇళ్లలో వాడటానికి అనుమతి ఉన్న మందునే గోడల సందుల్లో కొట్టండి. గుడ్లు ఆ మందుకు చావవు గనుక రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాలి. పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, సైపర్‌మెత్రిన్ లాంటివి దానికి విషం. గోమారిని వేళ్లతో నలపొద్దు, పట్టకారుతో లాగి స్పిరిట్ సీసాలో వేయండి. కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారుతుంటే అది గోమారి జ్వరం కావచ్చు, ఆలస్యం చేయకండి.

నెల నుంచి మూడు నెలలు పనిచేసే మాత్రలు బజారులో ఉన్నాయి. కూలి డబ్బులతో కొనేవి కావు. పశువైద్యశాలలో అడిగితే గేదెకైతే ఉంది, కుక్కకు బయట కొనుక్కోమంటున్నారు. రాత్రంతా చేను కాసే కుక్క పశువు కాదా? ఈసారి ఇచ్చే వినతిపత్రంలో ఈ మందు పేరు కూడా రాద్దాం. సంతకాల కాగితం ఆ బల్ల మీద ఉంది.