సింహళ ద్వీపమునందలి హస్తశిల్పములు - వానిఁ గొనవలసిన తావులు



ఈ వార్షిక మహాసభయందుఁ బ్రసంగింపుమని మన కార్యనిర్వాహకులు నన్నుఁ గోరినపుడు సింహళ ద్వీపపు హస్తశిల్పములను విషయముగా నెంచుకొంటిని. మన యూళ్ల కొలుములే చల్లారుచుండఁగా సముద్రమునకవ్వలి పనితనము మనకేల యని కొందఱడుగవచ్చును. ఆ కొలుములు చల్లారకుండుటకుఁ గావలసిన పాఠమొకటి నాకచ్చట దొరకినది. అందుచే నీ విషయము నెత్తుకొంటిని.

శ్రీలంకలో నవందన్న యను వర్గమువారు కలరు. స్వర్ణకారము, కంచరము, కమ్మరము, చిత్రలేఖనము మున్నగునవి వారి వృత్తులు. వారును మనవలెనే తాము విశ్వకర్మ సంతతివారమని చెప్పుకొందురు. శారిపుత్రమను సంస్కృత శిల్పగ్రంథమును సింహళ వ్యాఖ్యతోఁ జదివి విగ్రహ ప్రమాణములను నిర్ణయించుకొనెడివారు. క్యాండీ రాజ్యమునఁ 'బట్టల్ హతర' యను పేర నాలుగు రాజశిల్పశాలలుండెను. 1739 మొదలు 1815 వఱకు నా సింహాసనము నధిష్ఠించినవారు మధురనుండి వెళ్లిన, ఆంధ్రమూలముగల నాయకవంశీయులు. శిల్పులకు జీతమునకు మాఱుగ భూములుండెడివి. 1815 లో నాంగ్లేయులు రాజ్యమును గైకొనఁగా నా రాజాదరణము తొలఁగిపోయెను. 1877 లోఁ గొలంబోలో జన్మించిన ఆనంద కుమారస్వామిగారు ఖనిజ పరిశోధనకై యూళ్లు తిరుగుచు నీ శిల్పుల దుఃస్థితిని గాంచి, 1908 లో మధ్యయుగ సింహళ శిల్పమును గూర్చి మహాగ్రంథమును బ్రకటించిరి. పనితనము చెడుట శిల్పి చేతిలోని లోపముచేతఁ గాదు, కొనువాఁడు మాఱుటచేత ననునది నాకా చరిత్రవలనఁ దోఁచిన సత్యము.

ఇఁక నేయే పని యేయే చోటఁ గలదో విన్నవించెదను. క్యాండీకి సమీపమునఁ బిలిమతలావ ప్రాంతమున నిత్తడిపని ప్రసిద్ధము. మైనముతో రూపము చేసి, మట్టి పూసి కాల్చి, మైనము కరఁగిపోయిన చోట లోహద్రవమును బోయుదురు. మానసోల్లాసమున వర్ణింపఁబడిన మధూచ్ఛిష్ట విధానమిదియే. కొనపైఁ గోడిపుంజు నిలిచిన యెత్తైన దీపస్తంభము సింహళపు టిత్తడిపనికి గుర్తు. మాతలే ప్రాంతపు హపువిద గ్రామమున లక్కపని కలదు. వేడిచేసిన రంగులక్కను బొటనవ్రేలి గోటితో సన్నని దారముగ సాగఁదీసి కొయ్యపై లతలు దిద్దుదురు. దానికి నియపొతు పని, అనఁగా గోటిపని, యని పేరు. తరిమెనపైఁ దిరుగు కొయ్యకు లక్క పట్టించు మన యేటికొప్పాకవారికి వీరు దూరపు జ్ఞాతులవంటివారు.

దుంబర లోయయందలి హేనవల, కలసిరిగమ గ్రామములలో హణ యను మొక్క యాకుల నారతో నేనుఁగులు, పక్షులు, పువ్వులుగల చాపలు నేయుదురు. ఈ విద్యను యునెస్కో సంస్థ 2021 లో మానవజాతి వారసత్వ పట్టికలోఁ జేర్చినది. నైరృతి తీరమున అంబలన్‌గొడలోఁ గదురు అను తేలికకొయ్యతో వేషపు మొగములు చెక్కుదురు. అందుఁ గొన్ని పదునెనిమిది రోగపిశాచములను శాంతింపఁజేయు నాటలకు, మఱికొన్ని కోలమ్ అను నాటకమునకు నుపయుక్తములు. గాలె, వెలిగమలలో స్త్రీలు కండెలతో లేసు నల్లుదురు.

దూరగ్రామములకుఁ బోలేనివారికి లక్సల యను ప్రభుత్వ విక్రయశాలలు కొలంబో, క్యాండీ మున్నగు పట్టణములలోఁ గలవు. క్యాండీ చెఱువు సమీపమున 1882 లో స్థాపింపఁబడిన క్యాండీ కళాసంఘపు శాల యున్నది. ఏఁబది యేండ్లు మించిన ప్రాఁత వస్తువులను అనుమతి లేనిదే దేశము దాఁటింపరాదు. దంతపు వస్తువులను, తాఁబేటిచిప్పతోఁ జేసినవానిని గొననేరాదు.

నే నచ్చటికిఁ బోయినపుడు కారు నడుపువాఁడు నన్నొక పెద్ద దుకాణమునకుఁ దీసికొనిపోయెను. అందొక దీపముఁ గొంటిని. మఱునాఁడొక కంచరి పందిటికిఁ బోఁగా నట్టి దీపమే సగము వెలకన్నఁ దక్కువకు దొరకునని తెలిసెను. ఆ వృద్ధుఁడు నా దీపపు టడుగు త్రిప్పి చూచి, యది తాను పోసినదేయని నవ్వెను. నా సొమ్ములో సగమునకుఁ బైగా నిప్పు ముట్టనివానికిఁ జేరినది. ఆంగ్లము తెలిసిన యతని కుమారుని, "నాయనా, నీకీ పని వచ్చునా?" యని యడిగితిని. "రాదండీ, హోటలులోఁ బనిచేయుచున్నాను. 2019 లో బాంబుదాడుల తరువాతను, 2022 లో దేశము దివాలా తీసినపుడును కొనువారు లేక నాన్నగారు కొలిమి యార్పి కూర్చుండిరి. అది చూచిన పిదప నాకు మనసొప్పలేదు" అనెను.

ఆ మాట నన్ను గ్రుచ్చినది. నాయింటను సుత్తి పట్టువాఁడు లేఁడు. బడిపంతులనై మొదటఁ దప్పించుకొన్నవాఁడను నేనే. కావున నొరులను నిందింప నర్హుఁడను గాను. కొనువాఁడనుగా నా ధర్మమును మాత్రము నెఱవేర్పఁగలను. పోషకులారా! మీ యింట శుభకార్యమున్నపుడు దీపమునో, పళ్లెమునో, ద్వారబంధమునో పనివాని యింటికే పోయి చేయింపుఁడు. సగము సొమ్ము ముందిండు. పని ముగిసిన పిదప బేరమాడకుఁడు. వచ్చు వత్సరపు సంచికలో దాతల పట్టిక ప్రక్కనే, నేఁటికిని బని చేయుచున్న మన శిల్పుల పేళ్లును, గ్రామములును, వారు చేయు వస్తువులును వారి యనుమతితోఁ బ్రకటింపుఁడని కార్యనిర్వాహకులను బ్రార్థించుచున్నాను.

శాలువ కప్పి పొగడిన శిల్పి యా రాత్రి సంతోషించును. పని చెప్పి సొమ్మిచ్చిన శిల్పి మఱునాఁడు తన కుమారునిఁ గొలిమికడకుఁ బిలుచును. ఈ రెంటిలో మనము చేయవలసినదేదో పెద్దలగు మీకుఁ దెలియనిది గాదు.

ఇంతటితో విరమించుచున్నాను. స్వస్తి.