గడ్డి మీద ఒకలా, తారు మీద ఒకలా



తార్నాకలో గది తీసుకుని ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకుంటున్న ఒక అబ్బాయికి విమానం నడిపే శిక్షణకు సాయం చేశాం. గాలిలో ప్రమాదం కదా అని మీలో కొందరు అడిగారు. చిక్కంతా నేల మీదేనండీ.

ఫ్లయింగ్ క్లబ్బుల్లో వాడిన పుష్పక్ 1958లో తొలిసారి ఎగిరింది. దానికి ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. బరువంతా ముందు చక్రాలకు కాస్త వెనక పడుతుంది. కొంచెం పక్కకు తిరిగితే చాలు, ఆ బరువే తోకను ఇంకా తోస్తుంది. బొంగరంలా తిరిగి రెక్క నేలకు తగులుతుంది. గడ్డి మీద చక్రాలు కాస్త జారి తప్పును మన్నిస్తాయి. తారు మీద టైరు పట్టేస్తుంది. తడి గడ్డి మీదైతే బ్రేకు నొక్కినా జారుడే. పాత టైగర్ మాత్‌కు ఆ బ్రేకులూ లేవు, తోక కింది స్కిడ్డు గడ్డిలో గీసుకుంటేనే ఆగేది.

మనవాడు గడ్డి మీద నేర్చి, తారు మీద మొదటిసారే రెక్క గీరించాడు. మరమ్మతు ఖర్చుకు వాళ్ల నాన్న అప్పు చేశారు. తప్పు మాది, గంటలు లెక్కగట్టి ఇచ్చాం గానీ ఏ నేల మీదని అడగలేదు. ఈ ఏడాది తారు మీద శిక్షకుడితో తిరిగే గంటలకూ ఫీజు కడుతున్నాం. అబ్బాయి మళ్లీ వెళ్తున్నాడు.