మామోగ్రామ్ నివేదికను చదవడం, నిలదీసి అడగడం
(మహిళల ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



రొమ్ము పరీక్ష చేయించుకున్న మన స్త్రీలు కొందరు నివేదికను బీరువాలో దాచి మిన్నకుండటం మేము గమనిస్తున్నాం. 'అసాధారణం' అన్న మాటను క్యాన్సర్‌గా భావించడమే ఇందుకు కారణం. ఇది సరికాదు. తేడా కనిపించి మళ్లీ పిలిపించినవారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. నీటితిత్తులు, హాని లేని గడ్డలు, సున్నపు చుక్కలు కూడా చిత్రంలో తేడాగానే కనిపిస్తాయి.

నివేదిక చివర 'బైరాడ్స్' పేరిట 0 నుంచి 6 వరకు ఒక అంకె ఉంటుంది. 0 అంటే జబ్బు లేదని కాదు, ఉందనీ కాదు. ఆ చిత్రం చాలలేదు, మరికొన్ని చిత్రాలో, అల్ట్రాసౌండో అవసరమని అర్థం. 1, 2 అయితే క్యాన్సర్ లక్షణాలు కనబడలేదు. 3 అయితే క్యాన్సర్ అవకాశం నూటికి రెండుకు మించదు. సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. 4లో ఆ అవకాశం నూటికి 2 మొదలు 95 వరకు ఉంటుంది. 5లో 95 లేక అంతకు పైమాటే. ఈ రెండింటిలో సూదితో ముక్క తీసి పరీక్షించాలి. 6 ఇదివరకే నిర్ధారణ అయినవారికి వాడేది. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న భయంతో ఈ పరీక్ష మానుకోరాదు. అంకె 1 అయినా, చేతికి గడ్డ తగులుతుంటే వైద్యులకు చూపించి తీరాలి.

ఇక హక్కుల సంగతి. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2018లో ప్రజల ముందుంచింది. నివేదికల ప్రతులు పొందడం, జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం, మతం కారణంగా వివక్షకు గురికాకపోవడం అందులోని హక్కులు. పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ పక్కన ఉండాలని కూడా అందులో ఉంది. కాబట్టి పర్దా పేరిట పరీక్ష మానుకోనక్కరలేదు; మర్యాదను కాపాడమని అడిగే అధికారం మనకుంది. ఖర్చుకు జంకేవారికి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పాత ఫిల్ములను పారేయక వెంట తీసుకువెళ్లండి. కొత్త చిత్రాన్ని వాటితో పోల్చి చూస్తారు.

చికిత్స చేయించుకోమన్నది మన ప్రవక్త (స) బోధన. తల్లి, భార్య, చెల్లెలు పరీక్షకు వెళతామన్నప్పుడు తోడు వెళ్లడం పురుషుల బాధ్యత. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.