వెలయు విలువయు

అంగడికి పోయినప్పుడు “వెల యెంత?” అని అడుగుట మనకు అలవాటు. “విలువ యెంత?” అని మనలను మనము ప్రశ్నించుకొనుట అరుదు. వెలను వర్తకుడు చెప్పును. విలువను మన అవసరము చెప్పవలెను.

1776లో ఆడమ్ స్మిత్ ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ అను గ్రంథమున ఈ భేదమును చర్చించుచు నీటిని, వజ్రమును ఉదాహరించెను. నీటి ఉపయోగము అపారము, వెల స్వల్పము. వజ్రము సంగతి ఇందుకు విరుద్ధము. ఈ దృష్టాంతము మనకు దూరపుది కాదు. కృష్ణాతీరమందలి కొల్లూరు వజ్రపు గనిని 17వ శతాబ్దమున ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే దర్శించి వర్ణించెను. ఆ ప్రదేశము నేడు పులిచింతల జలాశయ గర్భమున నున్నది. వజ్రములనిచ్చిన నేలపై ఇప్పుడు పొలములకు పారు నీరు నిలిచియున్నది. ఈ రెంటిలో ఏది విలువైనదో, అడుగువాడు రత్నవర్తకుడా, కర్షకుడా యని తెలియక చెప్పజాలము.

అయితే మనిషిని బట్టి మారునంత మాత్రమున విలువను కొలువరాదని కాదు. ఇంటి దీపమునే తీసికొందము. పాతరకపు 60 వాట్ల బల్బు 15 రూపాయలనియు, ఇంచుమించు అంతే వెలుతురునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 90 రూపాయలనియు అనుకొందము. వేయి గంటలు వెలిగినచో మొదటిది 60 యూనిట్ల విద్యుత్తును, రెండవది 9 యూనిట్లను మాత్రమే వాడును. యూనిట్టు 6 రూపాయలైనచో మిగులు 306 రూపాయలు. దినమునకు 5 గంటలు వెలుగు గదిలో, అధికముగా పెట్టిన 75 రూపాయలు సుమారు 50 దినములలో తిరిగివచ్చును. దినమునకు 10 నిమిషములు మాత్రమే వెలుగు సామానుల కొట్టులోనైతే, అదే సొమ్ము తిరిగివచ్చుటకు నాలుగేండ్లు దాటును. వస్తువు ఒక్కటే, వెల ఒక్కటే, వాడుక మారగా విలువ మారినది.

వర్తకులును ఈ లెక్కను గమనింపవలెను. ధర తగ్గించుట యొక్కటే అమ్మకమునకు మార్గము కాదు. కొనువానికి ఎంత మిగులునో నిజాయితీతో లెక్కగట్టి చూపుట అంతకంటె మేలైన మార్గము.

ఇందు మరియొక చిక్కు కలదు. చేత 90 రూపాయలు లేని సంసారి, లెక్క తెలిసియు, 15 రూపాయల బల్బునే కొని నెలనెల అధికముగా చెల్లించును. కావుననే 2015లో ఆరంభమైన ఉజాలా పథకమున పలు రాష్ట్రములలో ఎల్.ఇ.డి. బల్బుల వెలను విద్యుత్తు బిల్లుతోపాటు నెలకు 10 రూపాయల చొప్పున చెల్లించు వీలు కల్పించిరి. మిగులు సొమ్ముతోనే అప్పు తీరునట్టి ఏర్పాటిది.

వస్తువును కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము: ఎంతకాలము మన్నును? నెలకు ఎంత ఖర్చు తెచ్చును? మన యింట ఎంత పని చేయును? ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మట “వెల యెంత?” అని అడిగినచో, ఆ వెల అధికమో స్వల్పమో మనకే తెలియును.