పిల్లల ఎదుగుదల – పిల్లలనే అడుగుదాం
(రాచర్ల మండల సమాఖ్య మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన ఊళ్లలో ఆడపిల్ల పెద్దమనిషైతే వీధంతా తెలుస్తుంది. నువ్వుల చిమ్మిలి, ఎండుకొబ్బరి పెడతాం. పెట్టడం మంచిదే. కానీ పిల్ల గబగబా ఎత్తు పెరిగేది ఆ రోజుకు ముందే. ఆ తర్వాత పెరిగేది మామూలుగా 5 నుంచి 7 సెంటీమీటర్లే. రొమ్ములు రావడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు ముట్టు వస్తుంది. గుడ్డు, పాలు, పప్పు ఎక్కువ కావలసిన ఆ రెండేళ్లూ మనం గమనించకుండానే గడిచిపోతున్నాయి.

ఆ కాలం వచ్చిందని తెలుసుకోవడానికి పిల్లలను అడిగితే చాలు. 1988లో అమెరికా పరిశోధకులు ఇందుకు ఐదేసి ప్రశ్నలు తయారుచేశారు. ఎత్తు, ఒంటి మీద వెంట్రుకలు, మొటిమలు – ఈ మూడూ అందరికీ. ఆడపిల్లలకు రొమ్ములు, ముట్టు. మగపిల్లలకు గొంతు మారడం, మీసం గడ్డం. ముట్టుకు అవును, కాదు అంటే చాలు. మిగతా వాటికి నాలుగు జవాబులు: ఇంకా లేదు, ఇప్పుడిప్పుడే, బాగా తెలుస్తోంది, అయిపోయినట్టుంది.

ఈ జవాబులు డాక్టరు పరీక్షకు సాటి రావు. సిగ్గుపడి తగ్గించి చెప్పేవాళ్లుంటారు, స్నేహితులతో సమానంగా ఉండాలని పెంచి చెప్పేవాళ్లూ ఉంటారు. ముట్టు సంగతి మాత్రం పిల్లలకు బాగానే గుర్తుంటుంది. తేదీ తెలియకపోతే నెమలిగుండ్ల తిరునాళ్లకు ముందా, తర్వాతా, అప్పుడు ఏ తరగతి అని అడగండి.

మరి తల్లులు ఎందుకు దాస్తారు? పెద్దమనిషైందని తెలిస్తే సంబంధాలు వస్తాయి, బడి ఆగుతుందని భయం. ఆ భయం ఉత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు 3,000 మంది పిల్లలను అనుసరించిన యంగ్ లైవ్స్ అధ్యయనం లెక్కలనుబట్టి, 12 ఏళ్లలోపే ముట్టు మొదలవడం వల్ల బడిలో ఉండే ఆడపిల్లలు 13 శాతం పాయింట్లు తగ్గారని 2019లో ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి పిల్ల చెప్పిన మాట సంబంధాలకు కాదు, ఆమె తిండికీ ఆరోగ్యానికీ పనికిరావాలి.

అందుకే మేము కోరేది ఇది. పిల్లను ఒంటరిగా, నెమ్మదిగా అడగండి. ఇష్టం లేకపోతే వదిలేయండి. సంఘం మీటింగులో చదవొద్దు, మినిట్స్ పుస్తకంలో రాయొద్దు. తల్లిదండ్రులు కూలికి వలస వెళ్లిన ఇళ్లలో అమ్మమ్మ, నాయనమ్మలకు ఈ విషయం చెప్పండి. మగపిల్లలనూ మరిచిపోవద్దు, వాళ్లను అడిగే దిక్కే లేదు.

ఆడపిల్లకు 8 ఏళ్లలోపు, మగపిల్లాడికి 9 ఏళ్లలోపు గుర్తులు కనబడినా, ఆడపిల్లకు 13, మగపిల్లాడికి 14 దాటినా ఏమీ మొదలవకపోయినా, 15 నిండినా ముట్టు రాకపోయినా ఆశా కార్యకర్తకు చెప్పి డాక్టరుకు చూపించండి.

పెద్దమనిషైనంత మాత్రాన పెళ్లీడు రాదమ్మా. చట్టం చెప్పే వయసు 18. అప్పటిదాకా బడీ, కడుపునిండా తిండీ మన బాధ్యత.