పారిసు నగరపు ఇనుప గోపురము



ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిసు నగరమున, సేన్ నది యొడ్డున ఈఫెల్ గోపురమను ఇనుప కట్టడము కలదు. దాని నేటి యెత్తు 330 మీటరులు, అనగా 1,080 అడుగులకు పైమాట. బాగుగ నెదిగిన తాడిచెట్లను పదునైదింటిని ఒకదానిపై నొకటి నిలిపినచో ఇంచుమించుగా అంత యగును. చూచి వచ్చినవారందరును ఆ యెత్తునే పొగడుదురు. నేనో, దానిని పడగొట్టకుండ నిలిపిన కారణమును మీకు చెప్పదలచితిని.

ఫ్రాన్సు ప్రజలు 1789లో రాజుపై తిరుగబడిరి. ఆ విప్లవమునకు నూరేండ్లు నిండిన 1889లో పారిసున గొప్ప ప్రదర్శనము జరిగెను. దానికి ముఖద్వారముగా ఈ గోపురము లేచినది. మొదట దీనిని ఊహించి గీచినవారు కెక్లాన్, నూగియే అను ఇద్దరు ఇంజనీర్లు. వారి యజమాని గుస్తావ్ ఈఫెల్. పేరు యజమానికే దక్కినది. లోకరీతి యట్టిదే కదా!

1887 జనవరిలో పునాదులు త్రవ్వ మొదలిడి 1889 మార్చి 31వ తేదీ నాటికి పని ముగించిరి. 18,038 ఇనుప ముక్కలను కర్మాగారముననే కొలిచి, రంధ్రములు తొలిచి తెచ్చి, 25 లక్షల రివెట్లతో బిగించిరి. నాలుగు కాళ్లును నాలుగు దిక్కులనుండి వాలుగా లేచి మొదటి యంతస్తుకడ సరిగా కలియవలెను. అంతటి బరువును వెండ్రుకవాసి తప్పకుండ కలుపుట యెట్లు? కాళ్ల మొదట నీటి ఒత్తిడితో పనిచేయు జాకీలను, పైన పరంజాలమీద ఇసుక నింపిన పెట్టెలను అమర్చిరి. పెట్టెలోని ఇసుకను కొంచెము జార్చిన కాలు దిగును. జాకీని నొక్కిన లేచును. ఇసుకతో ఇనుమును చక్కదిద్దిన ఈ యుపాయము నాకు ఎత్తుకంటె మిన్నగా తోచును.

బండిచక్రమునకు పట్టా తొడుగునపుడు కమ్మరి దానినేల కాల్చునో మీరెరుగుదురు. ఆ న్యాయముననే వేసవి యెండకు ఈ గోపురమును కొన్ని అంగుళములు పెరిగి, చలికాలమున తగ్గును.

కట్టుచుండగనే 1887 ఫిబ్రవరిలో కథకుడు మొపాసా, సంగీతకర్త గూనో మున్నగు ప్రసిద్ధులు పత్రికాముఖమున దీనిని నిరసించిరి. ఆ నిందలు గాలికి పోయినవి. అసలు గండము ఒప్పందములోనే యుండెను. వ్యయములో అధికభాగమును ఈఫెలే సమకూర్చుకొనెను. ప్రతిఫలముగా 1890 మొదలు ఇరువదియేండ్ల రాబడి యతనిది. గడువు తీరగనే గోపురము నగరమువారి సొత్తు. వలదనుకొన్నచో వారు దానిని విప్పివేయవచ్చును.

వింతగా నుండుట యొక్కటే దీనిని కాపాడజాలదని ఈఫెల్ గ్రహించెను. ఏదేని యుపయోగము చూపవలెను. శిఖరమున వాతావరణ పరిశీలనకు సాధనములు పెట్టించెను. గాలి ఒత్తిడిని పరీక్షించెను. 1898 నవంబరులో ద్యుక్రెతే అను నతడు శిఖరమునుండి తీగెలేని తంతివార్తను నాలుగు కిలోమీటరుల దూరముననున్న పాంథియోను మందిరమునకు పంపెను. తీగెను ఎంత యెత్తున కట్టిన వార్త అంత దూరము పోవును. పారిసున ఇంతకంటె ఎత్తైన చోటు ఏది? తరువాత సైన్యమునకు చెందిన ఫెర్రియే అను కెప్టెను ప్రయోగములకు పూనుకొనగా, ఈఫెల్ గోపురమును ఒసగుటయేగాక, వ్యయమునుగూడ తానే భరించెదననెను.

ఎత్తు వేసిన యెత్తు పారినది. ఒప్పందము 1910 మొదలు డెబ్బది యేండ్లకు పొడిగింపబడెను. ఆ యేడే గోపురమునుండి కాలసూచనలు వెలువడజొచ్చెను. నడిసముద్రమున నావికులు వానిని విని గడియారములు సరిచేసికొని, తామెచ్చట నున్నదియు లెక్కకట్టుకొనిరి. 1914లో యుద్ధము రాగా, శత్రువుల వార్తలను ఆకసముననే పట్టి సేనానులకందించినది ఈ గోపురమే. 1922 నాటికి దానినుండి మాటయు పాటయు జనుల యిండ్లకు చేరుచుండెను. ఈఫెల్ 1923లో మరణించెను.

కట్టిననాడు ధ్వజస్తంభముతోకూడ 312 మీటరులుండిన గోపురము నేడు 330 అగుటకు కారణమును ప్రసారపు స్తంభములే. కడపటి ఆరు మీటరులను 2022 మార్చిలో నొక క్రొత్త రేడియో స్తంభమును హెలికాప్టరుతో తెచ్చి నిలిపి చేర్చిరి.